తండయార్‌పేట ఉప్పుగాలిలో ర్యాట్ బైక్: ఒక స్ప్లెండర్ డైరీ

బండి 2006 స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ. పెదనాన్నది. చెన్నై రేవులో ఉద్యోగం చేసినన్నాళ్లూ దీనిమీదే వెళ్లొచ్చేవాడు. 2021 చివర్లో రిటైరై గూడూరు వెళ్లిపోయాక నాలుగేళ్లు మా మెట్లకింద కదలకుండా ఉంది. ఉత్తర చెన్నై తండయార్‌పేటలో మా ఇంటికి సముద్రం కిలోమీటరు లోపే. గోడమీద మేకు కూడా ఏడాదిలో తుప్పు పట్టే చోటు ఇది.

ర్యాట్ బైక్ అంటే అందం కోసం డబ్బు పోయకుండా, దొరికిన సామానుతో, పడ్డ సొట్టా పట్టిన తుప్పూ అలాగే ఉంచి నడిపించే బండి. చాలామంది కొత్త బండికి తుప్పు రంగు పెయింటు కొట్టించి ఆ పేరు పెట్టుకుంటారు. నాకు ఆ అవసరం లేదు, అసలు తుప్పే కావలసినంత ఉంది. దాన్ని ఉన్నచోటే ఆపడం ఎలాగన్నదే నా ప్రశ్న. డైరీలో సగం దానిమీదే ఉంటుంది.

పని మొదలుపెట్టక ముందే మూడు గీతలు గీసుకున్నాను.

1. ఫ్రేము కోయను, దానిమీద వెల్డింగ్ పెట్టను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.
2. ఆర్‌సీలో నలుపు అని ఉంది, నలుపే ఉంటుంది. సైలెన్సర్, అద్దాలు, శారీ గార్డ్, నంబరు ప్లేటు కంపెనీవే ఉంటాయి.
3. బ్రేకులు, టైర్లు, చైను, లైట్లు: వీటిలో పాతవాటికి చోటు లేదు.

15 ఏళ్లు నిండినప్పుడు పెదనాన్న ఆర్‌సీని ఐదేళ్లకు పొడిగించాడు, అది ఇంకా నడుస్తోంది. ఇన్సూరెన్స్ కొత్తగా కట్టాను. ఆ డబ్బు ఈ లెక్కలో కలపలేదు.

దశ 1: విప్పడం, విరగ్గొట్టుకోవడం

చోటు: మెట్ల ముందు ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. పనిముట్లు: 8, 10, 12, 14 టీ పానాలు, రింగు పానాల సెట్టు, సుత్తి, మల్టీమీటరు.

కార్బురేటర్ మరల దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఈ బండిలో ప్లస్ గాడి మరలు జపాన్ కొలతవి. చూడ్డానికి మామూలు ప్లస్‌లాగే ఉంటాయిగానీ గాడి ఆకారం వేరు. మన స్క్రూడ్రైవర్ మొన అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. రెండు మరలు అలా పోగొట్టాక సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాను. మిగతా పదకొండూ ఒక్కో దెబ్బకు వచ్చేశాయి. మీరు ముందు అది కొని, తర్వాత బండి ముట్టుకోండి.

రెండో దెబ్బ పెద్దది. సైలెన్సర్ వంపును ఇంజిన్ హెడ్‌కు పట్టే రెండు స్టడ్‌లలో (తలలేని బోల్టులు) ఎడమది సగానికి విరిగింది. 6 ఎంఎం స్టడ్, లోపల 9 ఎంఎం మిగిలిపోయింది. విరగబోయే ముందు పానాలో ఒక మెత్తదనం తెలిసింది, నట్టు తిరుగుతున్నట్టే అనిపించింది. తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డే మెలిపడుతోంది. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణంలో ఆగిపోవాలి. నేను ఇంకో పావు చుట్టు తిప్పాను.

విరిగిన ముక్కను డ్రిల్లుతో తీద్దామని మధ్యలో పంచ్ పెట్టాను. ముక్క పైభాగం ఏటవాలుగా విరిగి ఉండడంతో డ్రిల్లు పక్కకు జారింది. స్టడ్ ఉక్కు, చుట్టూ అల్యూమినియం. డ్రిల్లు మెత్తటి వైపే పోతుంది. రంధ్రం 1 ఎంఎం పక్కకు పోయి హెడ్ లోపలి మర చుట్లు సగం చెడిపోయాయి. చివరికి హెడ్ విప్పి లేత్ షాపుకు పట్టుకెళ్లాను. అక్కడ రంధ్రం పెద్దది చేసి, స్ప్రింగులా ఉండే ఉక్కు మర చుట్టను లోపల దింపి మళ్లీ 6 ఎంఎంకే తెచ్చారు. ఇప్పుడు ఆ ఎడమ మర కుడిదానికంటే గట్టిది.

కుడి స్టడ్‌ను ఇలా తీశాను, విరగలేదు:

1. సాయంత్రం తుప్పు వదిలించే నూనె స్ప్రే, రాత్రంతా నానడం.
2. పొద్దున ఇంజిన్ వైపు అల్యూమినియాన్ని హీట్ గన్‌తో వేడి చేయడం. స్టడ్‌ను కాదు.
3. ముందు కొంచెం బిగించడం, తర్వాత వదులు చేయడం. టక్కున శబ్దం వచ్చేదాకా ముందుకూ వెనక్కూ.
4. శబ్దం రాకుండా మెత్తగా తిరిగితే ఆపి, మళ్లీ 1 నుంచి.

ఖర్చు: ఇంపాక్ట్ డ్రైవర్ 450, స్ప్రే 180, లేత్ పని 250, స్టడ్‌లు నట్లు 40. ఈ దశ 920. మొత్తం 920.

దశ 2: ట్యాంకు లోపల

టార్చి వేసి చూస్తే లోపల ఇటుకపొడి పరిచినట్టుంది. గొలుసు ముక్కలు వేసి ఊపడం, యాసిడ్ పోయడం అందరూ చేసేవే. రేకు పల్చబడిందని అనుమానం ఉండి కరెంటు పద్ధతికి వెళ్లాను.

1. నీళ్లు కొలిచి పోస్తే 10 లీటర్లకు కాస్త పైన పట్టాయి. లీటరుకు 15 గ్రాముల లెక్కన బట్టల సోడా కలిపాను.
2. పెట్రోలు మూత రంధ్రంలోంచి 10 ఎంఎం ఇనప చువ్వ ముక్క దింపాను. ట్యాంకును తాకకుండా పాత హవాయి చెప్పు కోసి బిరడా చేశాను.
3. 12 వోల్టుల చార్జర్ ప్లస్ చువ్వకు, మైనస్ ట్యాంకుకు. తిరగేస్తే ట్యాంకే కరిగిపోతుంది.
4. స్టెయిన్‌లెస్ చువ్వ వాడొద్దు. అందులోని క్రోమియం విషపదార్థంగా నీళ్లలోకి దిగుతుంది.
5. హైడ్రోజన్ వస్తుంది. ఆరుబయట పెట్టాలి, దగ్గర నిప్పు ఉండకూడదు.

మొదటిసారి చార్జర్ అసలు పని చేయలేదు. కొత్త రకం ఆటోమేటిక్ చార్జర్లు ఎదురుగా బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తేనే మొదలవుతాయి. పాత కారు బ్యాటరీ ఒకటి మధ్యలో కలిపితే కరెంటు పారింది. మొదట్లో 2.1 ఆంపియర్లు, ఐదు గంటలకు 0.6కు పడిపోయింది. చువ్వ తీస్తే నల్లటి బురద మందంగా పట్టుకుని ఉంది. గీకి మళ్లీ పెడితే 1.9. అలా ఐదుసార్లు, మొత్తం 26 గంటలు.

నీళ్లు వంపి కడిగి, టిఫిను తిని వచ్చేసరికి లోపల మళ్లీ నారింజ రంగు పొర. శుభ్రమైన ఇనుముకు ఈ ఊరి తేమలో ఇరవై నిమిషాలు చాలు. ఇంకోసారి మూడు గంటలు కరెంటు పెట్టాను. ఈసారి కడిగిన వెంటనే హెయిర్ డ్రయర్ పెట్టి, ఆరీ ఆరకముందే 100 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పాను. పొర మళ్లీ రాలేదు.

తుప్పు పోయాక అడుగు అతుకు దగ్గర సూది మొనంత కారడం బయటపడింది. ఇన్నాళ్లూ ఆ రంధ్రాన్ని మూసి ఉంచింది తుప్పే. రెండు ముద్దలు కలిపి పెట్టే పుట్టీతో మూశాను. తొమ్మిదో రోజుకు గోరుతో నొక్కితే దిగబడింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపు కూడా ఉబ్బి కనిపించడంతో అన్నీ మార్చేశాను. రంధ్రానికి గ్యాస్ పనివాడి దగ్గర ఇత్తడి పెట్టించాను. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకుకు మంట తగిలితే పేలుతుంది. ఆయన ముందు ట్యాంకును సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగించి, రంధ్రం పైకి వచ్చేలా తిరగేసి, దానికి కొంచెం కింద దాకా నీళ్లు నింపించాకే మంట వెలిగించాడు. అలా చేయని చోట ట్యాంకు ఇవ్వకండి.

ఖర్చు: సోడా 90, పుట్టీ 60, ఇత్తడి పని 350, పైపు, ఫిల్టరు, మూత వాషరు 240. ఈ దశ 740. మొత్తం 1,660.

దశ 3: బయటి తుప్పు

నన్ను నెల రోజులు కూర్చోబెట్టిన దశ ఇదే. ట్యాంకు పైభాగం, చైన్ కవర్, శారీ గార్డ్, హ్యాండిల్ అన్నీ ముదురు గోధుమ రంగుకు తిరిగాయి. ట్యాంకు కుడిపక్క పెదనాన్న మోకాలు తగిలే చోట అరచేయంత నలుపు మాత్రం నిగనిగలాడుతూ మిగిలింది. ఆ నలుపు చుట్టూ తుప్పు ఒక గీత గీసినట్టు ఆగిపోయింది. దాన్ని అలాగే ఉంచాలన్న కోరికతోనే ఈ పని ఎత్తుకున్నాను.

రాలే తుప్పును ఇత్తడి బ్రష్షుతో తీసేసి, అంటుకుని ఉన్నదాన్ని వదిలి, నీళ్లతో కడిగి ఆరబెట్టి అవిసె గింజల నూనె పూశాను. రెండు పొరపాట్లు ఒకేసారి జరిగాయి.

మొదటిది నూనె. నేను తెచ్చింది పచ్చి నూనె. ఆరు రోజులైనా జిగురు పోలేదు, వీధి దుమ్మంతా దానిమీదే. పెయింటు షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడగాలి. అందులో ఆరబెట్టే మందు కలిపి ఉంటుంది. మొత్తం టర్పెంటైన్‌తో తుడిచేశాను.

రెండోది నీళ్లు. టర్పెంటైన్‌తో తుడిచిన రెండో రోజు పొద్దున చైన్ కవర్ మీద చెమట పట్టినట్టు సన్నని నారింజ బొట్లు కనిపించాయి. వేలితో తుడిస్తే తడి. రాత్రి వాన లేదు.

కారణం ఉప్పు. సముద్రపు గాలిలో వచ్చే ఉప్పు తుప్పు అడుగున గుంటల్లో ఇరుక్కుపోతుంది, గాలిలో తేమను లాక్కుంటుంది. పైన ఏం పూసినా అడుగున తడి ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఇనుమును తినే పనిలో తాను ఖర్చైపోదు, మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. కాబట్టి పూతకంటే ముందు ఉప్పును బయటికి పంపాలి. నేనేమో మా బోరు నీళ్లతో కడిగాను. ఉత్తర చెన్నైలో భూమిలోకి సముద్రపు నీరు చొరబడిన సంగతి ఇక్కడ బిందె పట్టే ప్రతి ఇంటికీ తెలుసు. బండి కడిగేటప్పుడు నాకు తట్టలేదు.

నీళ్లలో కరిగిన ఉప్పుల్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే టీడీఎస్ మీటరు పక్కింటి నుంచి తెచ్చి కొలిచాను.

బోరు నీళ్లు: 1,940.
మెట్రో వాటర్ (చెన్నై కుళాయి నీళ్లు): 410.
20 లీటర్ల క్యాన్ నీళ్లు: 58.

మొదటి కడుగులకు మెట్రో నీళ్లు, చివరి కడుగుకు క్యాన్ నీళ్లు అని నిర్ణయించాను. పద్ధతి ఇది:

1. వేడినీళ్లు, మెత్తటి బ్రష్షుతో గుంటల్లోకి. మూడుసార్లు, మధ్యలో ఆరనివ్వకుండా.
2. చివరిసారి క్యాన్ నీళ్లు. కింద కారిన నీళ్లను గిన్నెలో పట్టి మీటరు పెట్టడం. నాకు మొదట 620 వచ్చింది. నాలుగో కడుగుకు 71. క్యాన్ నీటి అంకెకు దగ్గర పడినప్పుడే ఆపాలి.
3. మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు.
4. ఇనుము వేడిగా ఉండగానే బాయిల్డ్ నూనెలో సగానికి సగం టర్పెంటైన్ కలిపి పల్చగా పూత. పావుగంటకు మిగిలిందంతా తుడిచేయడం. తుడిచాక ఏమీ మిగల్లేదు అనిపించాలి.
5. రెండు రోజులు ఆగి రెండో పూత.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మెట్లకింద అట్టపెట్టెలో పడేశాను. రెండు గంటల తర్వాత అమ్మ లోపల్నుంచి పిలిచింది. "ఒరేయ్, మెట్లకింద ఏదో మాడుతోంది చూడు." గుడ్డ మధ్యలో గోధుమ రంగు మచ్చ, పట్టుకుంటే చేయి కాలింది. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్‌ను పట్టుకుని వేడి పుట్టిస్తుంది. ఉండగా చుడితే ఆ వేడి బయటికి పోక నిప్పు అంటుకుంటుంది. పక్కనే పెట్రోలు సీసా ఉంది. ఆ రోజు నుంచి ప్రతి గుడ్డా బకెట్టు నీళ్లలోకి, తర్వాత తీగమీద విడివిడిగా.

ఇక్కడే ఒక పరీక్ష కూడా పెట్టాను. వెనక మడ్‌గార్డ్ బోల్టుల దగ్గర చిల్లులు పడి పనికిరాకుండా పోయింది. దాన్ని రెండుగా కోసి, ఒక ముక్క బోరు నీళ్లతో, ఇంకోటి పై పద్ధతిలో కడిగి, రెండింటికీ అదే నూనె పూసి డాబామీద వేలాడదీశాను. ఫలితం చివర్లో రాశాను.

ఖర్చు: క్యాన్లు మూడు 120, పచ్చి నూనె 180, బాయిల్డ్ నూనె 260, టర్పెంటైన్ 90, బ్రష్షులు 110. ఈ దశ 760. మొత్తం 2,420.

దశ 4: వైరింగ్

త్వరగా ముగిసింది. బ్యాటరీ ప్లస్ నుంచి తాళం స్విచ్ దాకా 0.9 వోల్టు మధ్యలోనే పోతోంది. రెండు కనెక్టర్లలో పచ్చ చిలుము, ఫ్రేముకు ఎర్త్ బిగించే చోట తుప్పు. ఎర్త్ కింద మాత్రం తుప్పు ఉంచకూడదు, తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకి గ్రీజు పెట్టాను. తర్వాత కొలిస్తే 0.15.

ఖర్చు: వైర్లు, కనెక్టర్లు, గొట్టాలు 320, 12 వోల్టుల బ్యాటరీ 850. ఈ దశ 1,170. మొత్తం 3,590.

దశ 5: పాతవి ఉంచకూడని చోట్లు

చైను: 20 లింకుల పొడవు కొత్తగా ఉన్నప్పుడు 254 ఎంఎం ఉండాలి (ఒక్కోటి 12.7). నాది 259.5. రెండు శాతం పైన సాగింది. స్ప్రాకెట్లతో సహా కొత్తది.

టైర్లు: పక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు 3216. అంటే 2016లో 32వ వారం తయారీ. గాడి బాగానే ఉందిగానీ వంచితే పగుళ్లు నోరు తెరుస్తున్నాయి. రెండూ 2.75-18 కొత్తవి.

బ్రేక్ షూలు: వెనక లైనింగ్ 1.6 ఎంఎం మిగిలింది. రెండు జతలూ కొత్తవి. కేబుళ్లూ అంతే.

మొత్తం ఖర్చులో సగం ఇక్కడే పోయింది, పోవాలి కూడా. చూడ్డానికి ఎలుకలా ఉన్న బండి ఎన్నూరు హైరోడ్డు మీద కంటైనర్ లారీ వెనక ఆగాల్సినప్పుడు ఆగి తీరాలి.

ఖర్చు: టైర్లు ట్యూబులు 3,100, షూలు 380, చైన్ సెట్టు 1,050, కేబుళ్లు 260. ఈ దశ 4,790. మొత్తం 8,380.

దశ 6: పుదుపేట, దొరికిన సామాను

వెనక మడ్‌గార్డ్ కోసం పుదుపేట వెళ్లాను. కూవం నది ఒడ్డున ఆ సందుల్లో విప్పిన బండ్ల భాగాలు తలుపుల ఎత్తున పేర్చి ఉంటాయి. దుకాణాయన మెరిసేది ఒకటి తీసి 550 అన్నాడు. "అన్నా, తుప్పు పట్టింది ఉంటే ఇవ్వు, చిల్లులు మాత్రం ఉండకూడదు" అని తమిళంలో అడిగాను. నావైపు ఒకసారి చూసి, వెనక కుప్పలోంచి లాగి ఇచ్చాడు. 200. బోల్టు రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూసి తీసుకున్నాను. మొన దిగితే ఆ రేకు వద్దు.

హెడ్‌లైట్ ప్లాస్టిక్ తొడుగు నిలువునా పగిలింది. పగులు చివర 3 ఎంఎం రంధ్రం వేస్తే ఇక ముందుకు పాకదు. తర్వాత రెండు పక్కలా 1.5 ఎంఎం రంధ్రాలు వేసి, పాత వైరింగ్‌లోంచి తీసిన రాగి తీగతో బొంత కుట్టినట్టు కుట్టాను. పదహారు కుట్లు.

ఎడమ సైడ్ కవర్ లేదు. 15 కిలోల నూనె డబ్బా రేకు కోసి వంచి చేశాను. వారానికే కోసిన అంచంతా తుప్పు. డబ్బా రేకుమీద ఉండేది తగరం. జింకులా అది తాను కరిగి ఇనుమును కాపాడదు, గీత పడ్డ చోట ఇనుమే ముందు పోతుంది. అంచులు లోపలికి మడిచి, మడతలో నూనె పట్టించాక ఆగింది.

సీటు: రేవులో లారీమీద కప్పి చిరిగిపోయిన టార్పాలిన్ ముక్క, ఊరికే దొరికింది. కింద కొత్త ఫోమ్. పనిముట్ల పెట్టెగా పెదనాన్న స్టీలు క్యారేజీ, నాలుగు గిన్నెల్లో అడుగు రెండు. క్యారియర్ మీద క్లిప్పులతో బిగించాను. ప్లగ్ పానా సరిగ్గా పట్టింది.

ఖర్చు: మడ్‌గార్డ్ 200, ఫోమ్ 300, కుట్టుకూలి 250. ఈ దశ 750. మొత్తం 9,130.

దశ 7: స్టార్ట్

వాల్వుల దగ్గర ట్యాపెట్ సందు చల్లటి ఇంజిన్‌మీద 0.05 ఎంఎం పెట్టాను. కార్బురేటర్ కడిగి, కొత్త వాషర్లు వేసి, కొత్త ప్లగ్, కొత్త ఆయిల్. పద్నాలుగో కిక్కుకు అందుకుంది.

కానీ ఐడ్లింగ్ నిలవలేదు, పెరుగుతూ పడిపోతూ ఉంది. 10 కిలోమీటర్లు తిప్పి ప్లగ్ తీస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పెట్రోలును కొలిచి వదిలే జెట్ మారుద్దామనుకుని ఆగి, ముందు గాలి ఎక్కడ దూరుతోందో వెతికాను. కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఓ-రింగు నాలుగేళ్లకు గట్టిపడి బల్లపరుపుగా అయిపోయింది. మార్చాక ఐడ్లింగ్ నిలిచింది, ప్లగ్ లేత ఇటుక రంగుకు వచ్చింది.

ట్యాంకు నిండా పోసి కొలిచిన మైలేజీ:
ఓ-రింగుకు ముందు: 112 కిలోమీటర్లు, 2.1 లీటర్లు. లీటరుకు 53.3.
తర్వాత: 128 కిలోమీటర్లు, 2.2 లీటర్లు. లీటరుకు 58.2.

ఖర్చు: కార్బురేటర్ కిట్ 180, ఓ-రింగు 20, ఆయిల్ 380, ప్లగ్ 90. ఈ దశ 670. మొత్తం 9,800.

అందులో నా పొరపాట్లకు పోయింది 490: లేత్ పని, పుట్టీ, పచ్చి నూనె.

ఈశాన్య రుతుపవనం తర్వాత, 40వ రోజు

డాబామీది ముక్కలు దించాను. బోరు నీళ్ల ముక్కమీద అరచేయంత చోట 23 నారింజ బొట్లు, రెండుచోట్ల నూనె పొర పొలుసుగా లేచింది. క్యాన్ నీళ్ల ముక్కమీద 2 బొట్లు, రెండూ కోసిన అంచునే. బండి ట్యాంకుమీద ఏమీ లేవు. శారీ గార్డ్ కింది వంపులో మాత్రం నీరు నిలిచి కొత్త తుప్పు వచ్చింది. అక్కడ 3 ఎంఎం రంధ్రం వేసి నీళ్లకు దారి ఇచ్చాను, మళ్లీ కడిగి పూశాను. నూనె పూత మూణ్నెల్లకోసారి వేయాల్సి వచ్చేట్టుంది.

ఆ వారమే పెదనాన్న గూడూరు నుంచి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. ట్యాంకుమీద ఆ నల్లటి మచ్చ దగ్గర మోకాలు ఆనించి, "కడగలేదా దీన్ని?" అన్నాడు.

"కడిగాను పెదనాన్నా, నాలుగుసార్లు. రంగే వేయలేదు."

కూర్చుని హారన్ నొక్కాడు. బొంగురుగా పలికింది, ఎప్పుడూ అలాగే పలికేది. "హారన్ మాత్రం మార్చమాక నాయనా" అన్నాడు.

మార్చలేదు. కాంటాక్టులు గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాను. ఖర్చు సున్నా. మొత్తం 9,800.